అద్దంలో పసుపు లైటు

మా కాలేజీ గేటు ముందు నుంచి పోయే రోడ్డు కన్యాకుమారిలో ఆగుతుంది. ఈ సంగతి ఫస్టియర్లో ఎవరో సీనియర్ చెప్పాడు. అప్పట్నుంచీ గేటు ముందు బడ్డీ కొట్టులో టీ తాగుతూ, లారీల నంబర్ ప్లేట్లు చదువుతూ, "ఒకసారి చివరి దాకా పోయి చూద్దాం రా" అనుకుంటూనే మూడున్నరేళ్ళు గడిపేశాం. నేషనల్ హైవే 44. శ్రీనగర్ నుంచి దిగి, హైదరాబాదు, కర్నూలు దాటి, మా అనంతపురం మీదుగా, బెంగళూరు, సేలం, మదురై తాకుతూ సముద్రం దగ్గర అయిపోతుంది. 2010లో నంబర్లు మార్చారు గానీ, పాత డ్రైవర్లు కొందరు ఇప్పటికీ దీన్ని ఏడో నంబరు రోడ్డనే అంటారు. మా గేటు నుంచి చివరి దాకా దాదాపు 900 కిలోమీటర్లు.

మా హాస్టల్లో ఎవరికీ పేర్లుండవు, ఊళ్ళే ఉంటాయి. నేను ఒంగోలు. నాతో వచ్చినవాళ్ళు కడప, భీమవరం, ఆదోని. నలుగురం, మూడు బండ్లు. డిసెంబరు ఆఖర్లో, ఏడో సెమిస్టర్ పరీక్షలు అయిన మూడో రోజు బయల్దేరాం. అప్పటికి మా ముగ్గురికీ ప్లేస్‌మెంట్ వచ్చేసింది. ఆదోనికి రాలేదు. వాడికి రెండు బ్యాక్‌లాగులున్నాయి. వచ్చిన కంపెనీల్లో చాలావాటికి బ్యాక్‌లాగ్ ఉంటే పరీక్షే రాయనివ్వరు. ఈ సంగతి ట్రిప్పులో ఎవరం ఎత్తలేదు. ఎత్తకపోవడమే మర్యాద అనుకున్నాం.

కడపది 200 సీసీ బండి, వెనకాల భీమవరం. నాది 150. ఆదోనిది వాళ్ళ నాన్న నడిపే పాత 100 సీసీ. ఆయన పత్తి మిల్లులో హమాలీ. నెల రోజులు బతిమాలితే బండి ఇచ్చాడు. బయల్దేరే ముందు రోజు రాత్రి వాడి ఫోన్ తీసుకుని నాతో మాట్లాడాడు.

"వాడు నిదానంగా తోల్తాడు సామీ. మీవి పెద్ద బండ్లు. వాణ్ణి ఒక్కణ్ణి ఇడిసిపెట్టి పోవద్దండి."

"అయ్యో, అలా ఎందుకు వెళ్తాం అంకుల్" అన్నాను. చాలా తేలిగ్గా అన్నాను.

ఒక ఏర్పాటు చేసుకున్నాం. ముందు కడప, మధ్యలో నేను, ఆఖర్న ఆదోని. అద్దంలో వాడిని చూస్తూ ఉండే పని నాది. వాడిని గుర్తుపట్టడం తేలికే. 2017 ఏప్రిల్ నుంచి వస్తున్న కొత్త బండ్లకి ఇంజన్ ఆన్ చేస్తే హెడ్‌లైట్ దానంతటదే వెలుగుతుంది. ఆదోని బండి అంతకంటే పాతది. స్విచ్ వేస్తేనే లైటు, అదీ పసుపు రంగులో, సంధ్యాదీపంలా ఉంటుంది. "పగలు కూడా లైటేసుకుని రా, నువ్వొస్తున్నట్టు తెలుస్తుంది" అన్నాం. వాడు సరే అన్నాడు. వాడు దేనికైనా సరే అంటాడు.

మొదటి రోజు బెంగళూరు దాటడానికే సగం ప్రాణం పోయింది. హెబ్బాళ్ నుంచి సిల్క్ బోర్డ్ దాకా పట్టిన టైములో ఇంకో జిల్లా దాటొచ్చు. హోసూరులో టీ కొట్టాయన మా మాటలు విని తెలుగులోనే డబ్బులడిగితే ప్రాణం లేచొచ్చింది. రాత్రికి కృష్ణగిరి చేరాం. అప్పటికి 300 కిలోమీటర్లు. బండి దిగాక మనిషి నిలబడే ఉంటాడు గానీ చేతులు మాత్రం ఇంకా వణుకుతూ హ్యాండిల్ పట్టుకునే ఉంటాయి. ఇది ఎవరూ ముందు చెప్పరు.

రెండో రోజు ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్ వచ్చింది. ఏటవాలుగా కిందికి దిగే రోడ్డు. లోడు లారీలు బ్రేకులు పట్టక ప్రమాదాలు జరిగే చోటని దానికి పేరు. ఘాట్ మొదట్లో ఆదోని ఎప్పుడూ లేనిది హారన్ కొట్టి అందర్నీ ఆపాడు.

"న్యూట్రల్ చేయొద్దండి రా. థర్డ్‌లో దిగండి. ఇంజనే పట్టుకుంటాది. ఊరికే బ్రేకు తొక్కుతా పోతే డ్రమ్ము కాగిపోతాది, కాగిందంటే ఇంగ పట్టదు. మా నాయన పత్తి లోడు ట్రాక్టర్లు అట్లే దింపుతాడు."

మేం మెకానికల్ ఇంజనీర్లం. వేడి ఎక్కడ పుడుతుంది, ఎటు పోతుంది, పోకపోతే ఏమవుతుంది అని ఒక సెమిస్టరంతా చదివాం. నాకు అందులో తొమ్మిది గ్రేడ్ పాయింట్లు. ఆ మాటలు చెప్తున్నవాడికి బ్యాక్‌లాగ్ ఉన్న రెండు సబ్జెక్టుల్లో ఒకటి హీట్ ట్రాన్స్‌ఫర్. ఆ క్షణంలో నాకిది తట్టలేదు. "అబ్బో ప్రొఫెసర్ గారు" అని నవ్వి, థర్డ్ గేర్లో దిగాను.

సేలం బయట పెట్రోలు బంకులో వాడు ఇంకో మాట కూడా అన్నాడు. "చైన్ లూజయినట్టుంది రా, టక్ టక్ మని సౌండొస్తాంది, జర చూడు." నేను వంగి చూశాను. వేలితో నొక్కితే చైను ఒకటిన్నర అంగుళం పైగా కదిలింది. వెనక స్ప్రాకెట్ పళ్ళు అరిగి గద్ద ముక్కుల్లా వంకర తిరిగున్నాయి. అది మార్చాల్సిన చైన్ అని నాకు తెలుసు. మార్చాలంటే మెకానిక్‌ని వెతకాలి, రెండు గంటలు పోతాయి, వాడి దగ్గర డబ్బులు లేవు, మేం వేసుకోవాలి. "కన్యాకుమారి దాకా లాగేస్తుందిలే" అన్నాను. వాడు సరే అన్నాడు.

నామక్కల్లో గుడ్ల లారీలు, లారీలకి బాడీలు కట్టే షెడ్లు, పరమత్తి వేలూరు దగ్గర కావేరి వంతెన, దిండిగల్లో బిర్యానీ... ఇవన్నీ వేరే వ్యాసానికి సరిపోతాయి. మదురైలో పడుకుని, పొద్దున మీనాక్షి గుడి, తిరుమల నాయకుడి మహల్ చూశాం. ఆ మహల్ స్తంభాల కింద నిలబడి భీమవరం, "మనోళ్ళే కదరా కట్టించింది" అని ఫోజు కొట్టాడు. ఈ హడావిడిలో మధ్యాహ్నం మూడున్నర అయింది.

ఇక్కడ హల్వా సంగతి చెప్పాలి. తిరునల్వేలిలో నెల్లైయప్పర్ గుడి ఎదురుగా ఇరుట్టు కడై అనే హల్వా కొట్టుంది. ఇరుట్టు అంటే చీకటి. సాయంత్రం తెరుస్తారు, సరుకైపోతే కట్టేస్తారు. కడప దాని వీడియో చూసి అనంతపురం నుంచీ కలవరిస్తున్నాడు. మదురై నుంచి తిరునల్వేలి దాదాపు 155 కిలోమీటర్లు. ఏడింటికల్లా అక్కడుండాలని లెక్కేశాం. ఆ లెక్క 200 సీసీకి, 150 సీసీకి కుదురుతుంది. ఆదోని బండికి కుదరదు. ఆ ముక్క లెక్క వేసేటప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

సాత్తూరులో టీ తాగి లేచాక కడప 80 దాటించాడు. నేను వాడి వెనకే. రోడ్డు తాడు లాగి కట్టినట్టు తిన్నగా ఉంది. రెండు పక్కలా నల్లరేగడి, పత్తి చేలు, అక్కడక్కడా తాటిచెట్లు. అద్దంలో చూస్తే దూరంగా పసుపు లైటు. కోవిల్‌పట్టి దాటాం. మళ్ళీ చూశాను, పసుపు లైటు ఉంది. వస్తున్నాడులే అనుకున్నాను.

కయత్తారు దగ్గర ఆగాం. వీరపాండ్య కట్టబొమ్మన్‌ని ఇంగ్లీషువాళ్ళు 1799 అక్టోబరు 16న ఉరితీసింది ఆ ఊళ్ళోనే. ఆయన కూడా ఇంట్లో తెలుగు మాట్లాడే వంశం వాడేనని భీమవరం ఫోన్లో చదివి వినిపిస్తున్నాడు. పసుపు లైటు దగ్గరికొస్తోంది. చెయ్యి ఊపాను. అది మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. ఒక కన్ను పోయిన మినీ లారీ. వెనకాల అరటి గెలలు.

ఎప్పట్నుంచి నేను ఆ లారీని చూసి ఆదోని అనుకుంటున్నానో నాకు తెలీదు.

ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. పది నిమిషాలు చూశాం. ఒక్కొక్క లైటూ వస్తోంది, తెల్లగా మెరుస్తోంది, పోతోంది. కడప హల్వా మాట మానేశాడు. అప్పుడు నా ఫోన్ మోగింది. ఆదోని వాళ్ళ నాన్న.

"మావోడి ఫోన్ కలవట్లేదు సామీ. యాడున్నారు?"

"బండి మీద ఉన్నాం అంకుల్. వాడు నా ముందరే పోతున్నాడు. ఆగాక చేయిస్తా."

చెప్పేశాను. నోటికి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో. ఆయన "ముందర పోతున్నాడా?" అని ఒకసారి అడిగి, "సరే సామీ, భద్రం" అని పెట్టేశాడు.

హైవే మీద వెనక్కి వెళ్ళడం అంటే మనం అనుకున్నంత సులువు కాదు. మధ్యలో డివైడర్, అందులో గన్నేరు చెట్లు. మనం ఇటు వైపు, మనం వెతికే మనిషి అటు వైపు. చీకటి పడుతోంది. ఎదురొచ్చే లైట్లు కళ్ళలో కొడుతుంటే, ఆ చెట్ల సందుల్లోంచి అవతలి అంచు చూస్తూ ముప్పైలో పోతున్నాం. ఎక్కడైనా జనం గుమిగూడి ఉన్నారేమో అని చూస్తున్నాను. ఉండకూడదని కూడా చూస్తున్నాను. నాకు గుర్తొచ్చినవేవీ పెద్ద సంగతులు కావు. సేలంలో చైన్ మీద పెట్టిన నా వేలు. ఆ వేలికంటిన నల్లటి గ్రీజు. దాన్ని తుడుచుకోవడానికి ఆదోనే తన కర్చీఫ్ ఇచ్చాడు.

పది పన్నెండు కిలోమీటర్లు వచ్చాక భీమవరం అరిచాడు. "ఒరేయ్, బండి!" అవతల సర్వీస్ రోడ్డు పక్కన స్టాండేసి ఉంది. మనిషి లేడు. అండర్‌పాస్ వెతుక్కుని అటు తిరిగి వచ్చేసరికి నా కాళ్ళు నా కాళ్ళలా లేవు. బండికి దెబ్బ లేదు. చైన్ తెగి పాములా కింద వేలాడుతోంది. రోడ్డు దిగువన నాలుగిళ్ళున్నాయి. మొదటి ఇంటి అరుగు మీద, బల్బు కింద, స్టీలు గిన్నె చేతిలో పెట్టుకుని ఆదోని మజ్జిగన్నం తింటున్నాడు. పక్కన ఒక ముసలమ్మ.

మమ్మల్ని చూసి ఆమె వాడితో, "ఇదో, నీ స్నేహితులు వచ్చినారప్పా" అంది. తెలుగులో! తర్వాత నా వైపు తిరిగి, "దోవలో ఇడిసిపెట్టి పోతే ఎట్లప్పా?" అంది.

మాట చివర తమిళంలా పైకి లేస్తోంది గానీ అది తెలుగే. దోవ, ఇడిసిపెట్టడం అన్నీ ఆదోని వాళ్ళ నాన్న మాటలే. సొంత భాషలో తిట్టు పడితే అది తగిలే చోటు వేరు. తమిళంలో తిట్టుంటే అర్థం కానట్టు తప్పించుకునేవాణ్ణి.

సంగతి ఏంటంటే, చైన్ తెగాక వాడు హారన్ కొట్టాడు, లైటు ఆర్పి వెలిగించాడు. మేం పోతూనే ఉన్నాం. ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. బండి తోసుకుంటూ వచ్చి, వచ్చీరాని తమిళంలో నీళ్ళడిగి, అలసిపోయి "అమ్మా" అని కూలబడ్డాడట. ఆ తర్వాత తనలో తాను ఏదో గొణుక్కుంటే, ఆమె తెలుగులో "ఏ ఊరప్పా?" అందట. వాళ్ళిళ్ళల్లో ఎప్పట్నుంచో తెలుగే మాట్లాడతారు. ఎక్కణ్ణుంచి వచ్చారో ఆమెకి తెలీదు. ఉత్తరం నుంచి, ఎన్నో తరాల కింద, అంతే. చదవడం, రాయడం రాదు. మనవళ్ళు ఆమెకి తమిళంలోనే జవాబిస్తున్నారు. తర్వాత హాస్టల్‌కి వచ్చి చదివితే తెలిసింది. 2021లో కన్నుమూసిన తమిళ రచయిత కి. రాజనారాయణన్‌ది ఆ దగ్గర్లోని ఇడైచెవల్ ఊరే. ఆయన మాతృభాష తెలుగు. తెలుగు నేల నుంచి ఆ కరిసల్ నేలకి, అంటే నల్లరేగడికి, వలసొచ్చిన వాళ్ళ మీద తమిళంలో నవలలు రాశాడు. అందులో ఒకదానికి 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. లిటరరీ క్లబ్బులో మూడేళ్ళున్నాను, ఆయన పేరు నేను విననేలేదు.

అవ్వ ఆదోనిని అడిగింది. "తెలుగు ఎట్ల రాస్తారు, చూపీ." వాడు లేచి, బండి ట్యాంకు మీద దుమ్ములో వేలితో 'అవ్వ' అని రాశాడు. ఆమె వంగి చూసి, "జాంగ్రీ మాదిరి ఉందే" అని నవ్వింది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను గానీ లోపల రాయి అలాగే ఉంది.

చెయ్యి కడుక్కునే చోట వాడొక్కడే ఉన్నప్పుడు వెళ్ళాను. "సారీ రా. నిన్ను చూసుకోలేదు" అన్నాను.

వాడు చెయ్యి విదిలించి, "కొత్తేముంది లే" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది. నీళ్ళు చల్లగా ఉన్నాయి అన్నట్టే అన్నాడు.

ఐదో సెమిస్టర్లో ఒక రాత్రి వాడు నా రూముకొచ్చాడు. హీట్ ట్రాన్స్‌ఫర్ పుస్తకం పట్టుకుని, "ఈ ఒక్క యూనిట్ చెప్తావా" అన్నాడు. నాకు కోడింగ్ టెస్టుంది. "రేపు చెప్తా" అన్నాను. మర్నాడు మళ్ళీ అడగలేదు. నేనూ గుర్తు చేసుకోలేదు. వాడు ఎక్కడో వెనక వస్తున్నాడులే అనుకున్నాను. రిజల్ట్స్ వచ్చిన రోజు నా మార్కులు చూసుకున్నాను, వాడివి ఎవరో చెప్తే తెలిశాయి. ఆలోచిస్తే, అప్పుడూ ఏదో పసుపు లైటు చూసి వాడే అనుకునుంటాను. మెస్‌లో కనిపిస్తున్నాడు, నవ్వుతున్నాడు, సరే అంటున్నాడు. బాగానే ఉన్నాడు అనుకున్నాను.

ఆ రాత్రి వాడి ఫోన్ చార్జింగ్ పెట్టి నాన్నకి చేయించాను. బండిని కోవిల్‌పట్టి దాకా చేర్చాలి. వాడు బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకుంటే, నేను నా బండి మీద పక్క వెనకగా వస్తూ కాలితో వాడి ఫుట్‌రెస్టుని నెట్టాలి. మన రోడ్ల మీద అందరూ చూసే ఉంటారు. మంచి పని కాదు, చెయ్యొద్దు. మేం సర్వీస్ రోడ్డు పట్టుకుని ఇరవైలో వచ్చాం. ముందు కడప లైటు చూపిస్తూ. సుమారు ఎనిమిది కిలోమీటర్లు నా కాలు వాడి బండిని వదల్లేదు. వాడు బ్రేకు వేస్తే నేను ఆగాలి. నేను తొందరపడితే వాడు పడిపోతాడు. సగం దూరంలో వాడు, చీకట్లోకే చూస్తూ, "ఈ నేల మా ఊరి లాగే ఉంది రా. వాసన గూడా" అన్నాడు. మూడు రోజుల్లో మేమిద్దరం మాట్లాడుకుంది ఆ ఎనిమిది కిలోమీటర్లలోనే. హీట్ ట్రాన్స్‌ఫర్ గురించి కూడా.

పొద్దున కోవిల్‌పట్టిలో చైను, స్ప్రాకెట్లు అన్నీ మార్పించాం. డబ్బులు నేనిచ్చాను. వాడు వద్దనలేదు. మెకానిక్ పని చేస్తుంటే అక్కడి పేరున్న కడలై మిఠాయి తిన్నాం. మన వేరుశెనగ చిక్కీయే, దానికి 2020లో జీఐ గుర్తింపొచ్చింది. "శెనక్కాయలు మావి, పేరు వీళ్ళదా" అని కడప కాసేపు బాధపడ్డాడు.

అక్కణ్ణుంచి వరస మార్చాం. గుంపుగా వెళ్ళేటప్పుడు నెమ్మదైన బండిని ఆఖర్న పెట్టకూడదట, నడిపించేవాడి వెనకే ఉంచాలట. ఇది తెలిసినవాళ్ళు ముందే చేసే పని. మేం ఒకడుగు ముందుకేసి ఆదోనినే ముందు పెట్టాం. వాడు 55లో పోతే అందరం 55లో. తిరునల్వేలి పొద్దున్నే దాటేశాం, హల్వా లేదు, కడప ఏమీ అనలేదు. నాగర్‌కోవిల్ ముందు ముప్పందల్ దగ్గర కొండల సందులోంచి గాలి ఈడ్చి కొడుతుంది. కనుచూపు మేరా గాలిమరలే. పక్కనుంచి గాలి తోస్తుంటే బండి తిన్నగా పోవాలంటే ఒక వైపు వాలి ఉండాలి. తేలిక బండి కదా, ఆదోనిది బాగా ఊగింది. వాడు 40కి తగ్గాడు. మేమూ తగ్గాం. వెనక నుంచి చూస్తే వాడి చొక్కా తెరచాపలా ఉబ్బి ఉంది. నేను అద్దం చూడాల్సిన అవసరమే లేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి కన్యాకుమారి చేరాం. సూర్యోదయమూ లేదు, సూర్యాస్తమయమూ లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండ, జనం, ఉడకబెట్టిన వేరుశెనక్కాయల బండ్లు, సముద్రంలో 133 అడుగుల వళ్ళువర్. ఆదోని నాన్నకి ఫోన్ చేసి, "వచ్చేసినాం నాయనా" అన్నాడు. నేను ఫోన్ తీసుకున్నాను.

"అంకుల్, నిన్న సాయంత్రం మీకు అబద్ధం చెప్పాను. వాడు నా ముందు లేడు."

కాసేపు ఆయన ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. "అప్పుడే అనుకున్న్యా సామీ. మావోడు ఎప్పుడు ముందర పోయినాడని."

"ఈ రోజు మాత్రం వాడే ముందు వచ్చాడంకుల్. మేం వెనక వచ్చాం" అన్నాను.

తిరిగొచ్చాక సప్లిమెంటరీ పరీక్షకి మూడు వారాలు నా రూములోనే కూర్చున్నాడు. తొప్పూరు ఘాట్ దగ్గర వాడు చెప్పిన డ్రమ్ము సంగతితోనే మొదలుపెట్టాం. హీట్ ట్రాన్స్‌ఫర్ పాసయ్యాడు. మ్యాథ్స్ పోయింది. మళ్ళీ రాయాలి. ఉద్యోగం ఇంకా రాలేదు. ట్రిప్పు తర్వాత అన్నీ బాగైపోయాయి అని రాయాలని ఉంది గానీ అది నిజం కాదు.

మీరు కూడా ఈ రోడ్డు చివరి దాకా వెళ్ళండి. టోల్ గేట్ల దగ్గర బండ్లకి ఎడమ చివర చిన్న దారి ఉంటుంది, డబ్బులక్కర్లేదు. తొప్పూరు గేర్లో దిగండి. చైను మాత్రం బయల్దేరే ముందే చూసుకోండి. ఎవరైనా "సౌండొస్తాంది రా" అంటే ఆగండి.